నేను వెనక్కి తీసుకున్న దీవెన

అధ్యక్షులు డాక్టర్ రమేష్‌బాబు గారికి, సర్పంచి రంగనాథం గారికి, పెద్దలకీ, నా తోటి నర్సులకీ, ఊడుపుల పని మానుకుని మరీ వచ్చి కూర్చున్న మా ఊరి ఆడపడుచులందరికీ నమస్కారాలు. అయిదు నిమిషాలే మాట్లాడమన్నారు డాక్టరుగారు. ముప్ఫై రెండేళ్ళు డాక్టర్లు చెప్పిందల్లా విన్నాను, ఇవాళ ఒక్కరోజు విననండీ, ఏమీ అనుకోకండి. (నవ్వులు)

రిటైరవుతున్నానని మీరు కప్పిన ఈ శాలువాలో సగం, వానల్లో టీకాల డబ్బా నెత్తిన పెట్టుకుని నన్ను పొంగే గెడ్డ దాటించిన మా ఆశా కార్యకర్త అమ్మడిది. కానీ నేను అందరికన్నా ముందు దండం పెట్టుకోవలసింది ఝాన్సీకి. అదిగో, మూడో వరసలో తల దించేసుకుంది. ఎత్తమ్మా, పరవాలేదు.

రెండువేల పదమూడులో, ఇద్దరాడపిల్లల తరవాత ఝాన్సీకి మూడో కడుపు. ఒకరోజు ఊళ్ళో గర్భిణులందరినీ కూర్చోబెట్టి, పుట్టబోయేది ఆడో మగో స్కానింగులో చెప్పించుకోవడం నేరమా కాదా అని అడిగితే నేరమే అని అందరూ ఒక్క గొంతుతో అన్నారు, నేను 'అవగాహన ఉంది' అని రాసేసుకుని మురిసిపోయాను. వెళ్ళేటప్పుడు అలవాటు కొద్దీ ఒక్కొక్కరి తల మీదా చెయ్యేసి, పండంటి కొడుకుని కనమ్మా అని దీవించాను. మా అమ్మ అలాగే దీవించేది. అందులో తప్పుందని నాకెప్పుడూ తోచలేదు.

వారం తిరక్కుండా ఝాన్సీ ఒక్కర్తీ సబ్‌సెంటరుకి వచ్చింది. వాళ్ళత్త తాయారు స్కానింగుకి ఆటో మాట్లాడేసిందట, ఆడపిల్లైతే కడుపు తీయించేద్దామందట. నేరమని చెప్పలేకపోయావా అని కసిరాను.

"సెప్పానమ్మా," అంది. "నర్సమ్మే కొడుకుని కనమన్నాది, ఆవిడకి తెలీని సట్టమేటి అన్నాది మా అత్త. ఆ దీవెన మీరే ఎనక్కి తీసుకోండి, ఆవిడ ముందరే."

కడుపుతో ఉన్న పిల్లకిచ్చిన దీవెన వెనక్కి తీసుకుంటే ఏం కీడు జరుగుతుందో అని భయం వేసింది. అయినా ఆ సాయంత్రం వాళ్ళ వాకిట్లో నిలబడి, తాయారు చెయ్యి పట్టుకుని, నేనన్న మాట చట్టానికీ తప్పే, ఈ పిల్లకీ తప్పే, వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. తాయారు నన్ను తిట్టని తిట్టు లేదు. నెల్లాళ్ళు ఆ గుమ్మంలో నాకు మంచినీళ్ళు పుట్టలేదు. (నవ్వులు) ఆటో మాత్రం కదల్లేదు. అప్పుడు పుట్టిన సింధూరి ఇదుగో, అయిదేళ్ళొచ్చాయి, ఆ నాయనమ్మ ఒళ్ళోంచే నా దండలో పువ్వు కావాలని గోల చేస్తోంది. తాయారు వదినా, దింపెయ్, రానీ.

ఆ తరవాత నుంచి సుఖంగా కనమ్మా అని మాత్రమే అంటున్నాను. అంతకుముందు ఎన్ని వందల తలల మీద చెయ్యేసి కొడుకునే కనమన్నానో. నా మాట అడ్డం పెట్టి వాళ్ళలో ఎంతమందిని స్కానింగుకి తీసుకెళ్ళారో, ఎంతమంది ఏం పోగొట్టుకుని వచ్చారో నాకు తెలీదు. ఝాన్సీ వచ్చి అడిగింది, ఆమె ఒక్కర్తి సంగతే తెలిసింది. అడగలేకపోయినవాళ్ళు ఈ హాల్లో ఎవరైనా ఉంటే, తల్లీ, నన్ను క్షమించండి. నన్నింత ప్రేమగా సాగనంపుతున్న మీ అందరికీ, అడిగే ధైర్యం చేసిన ఝాన్సీకీ రెండు చేతులెత్తి మొక్కుతూ, సెలవు.