జరగని యుద్ధంలో పోయిన పాదం

(ఇరవై ఎనిమిదేళ్లు సైన్యంలో పనిచేసి పదవీ విరమణ పొందిన సుబేదార్ హనోకు గారికి 2004 ఆగస్టులో గూడూరు హైస్కూలు హాల్లో ఊరివారు సన్మానం చేశారు. ఆ సభలో ఆయన మాట్లాడిన మాటలు.)

ఈ సభని నడిపిస్తున్న హెడ్‌మిస్ట్రెస్ ప్రభావతి గారికి, వేదిక మీదున్న పెద్దలకి, ముందు వరసలో కూర్చున్న మా చర్చి సంఘ పెద్దలకి, కుర్చీలు చాలక గోడకి ఆనుకుని నిలబడ్డ కుర్రవాళ్లకి, నేను ఎక్కడ తడబడతానా అని ఎడం పక్కనుంచి కనిపెట్టి చూస్తున్న మా హేమకి, అందరికీ నమస్కారమండీ. (నవ్వులు)

ప్రభావతి గారు నన్ను చాలా పొగిడారు. దేశం సరిహద్దులో కంచెలా నిలబడ్డానన్నారు. నేను ఇంజనీర్ల పటాలంలో పనిచేసినవాణ్ణండి. వంతెనలు కట్టాను, రోడ్లు వేశాను, గోతులు తవ్వాను. తుపాకీ పేల్చినదానికంటే పార పట్టిందే ఎక్కువ. మా నాన్న యాకోబు కాలవగట్ల మీద మట్టి పని చేసి, నీకు ఈ పని తప్పాలిరా అని నన్ను చదివించాడు. మొదటి లీవులో ఇంటికొచ్చినప్పుడు, అక్కడ ఏం పని చేస్తున్నావురా అని ఆశగా అడిగితే, మట్టి తవ్వుతున్నాను నాన్నా అని చెప్పాల్సి వచ్చింది. (నవ్వులు)

నా సర్వీసంతా చెప్పి మిమ్మల్ని కూర్చోబెట్టను. ఒక్క సంగతి చెబుతాను. నిజానికి అది చెప్పకుండా దిగిపోదామనే అనుకున్నాను. కాని మూడు రోజుల కిందట మా ఇంటికి ఇద్దరు వచ్చారు, ఆ ఇద్దరూ ఇప్పుడు ఈ హాల్లోనే ఉన్నారు.

పొద్దున అన్నపూర్ణ గారు వచ్చారు. దివిసీమలో కోడూరు నుంచి రెండు బస్సులు మారి వచ్చారు. ఆవిడ పెద్దబ్బాయి చిన్నబాబు నా కింద పనిచేశాడు, అదిగో, కిటికీ పక్కన కూర్చున్నాడు. రెండో అబ్బాయి జయంత్‌కి పందొమ్మిదేళ్లు. వచ్చే వారం బందరులో జరిగే ఆర్మీ సెలక్షన్లకి వెళ్తానని పట్టుబట్టాడట. "పెద్దవాడు ఒక పాదం అక్కడ వదిలేసి వచ్చాడు తమ్ముడూ. రెండోవాణ్ణి పంపే గుండె నాకు లేదు. మీరు వద్దంటే ఆగుతాడు. సభలో నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. సరే అక్కయ్యగారూ అన్నాను. సాయంత్రం జయంత్ వచ్చాడు. "అమ్మకి మీ మాట మీద గురి మావయ్యా. మిలిటరీ మంచిదేనని సభలో ఒక్క మాట అనండి, పంపిస్తుంది" అన్నాడు. సరే నాయనా అన్నాను. వంటింట్లోంచి ఇవన్నీ విన్న మా హేమ, "ఇద్దరికీ సరే అన్నారు. ఇక మీరు ఎలక్షన్లలో నిలబడొచ్చు" అంది. (నవ్వులు)

కాబట్టి ఇద్దరి మాటా నిలబెట్టలేను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

రెండువేల ఒకటి డిసెంబరులో పార్లమెంటు మీద దాడి జరిగింది, మీకందరికీ గుర్తుండే ఉంటుంది. నేను క్రిస్మస్ లీవులో ఇంట్లో ఉన్నాను. వచ్చి నాలుగు రోజులైంది. హేమ అరిసెలకి బియ్యం నానబోసింది. ఎస్టీడీ బూత్ అప్పయ్య గారు సైకిలు మీద వచ్చి, "బాబూ, మీ యూనిట్ నుంచి ఫోను. వెంటనే బయలుదేరమంటున్నారు" అని చెప్పారు. హేమ నానబోసిన బియ్యం వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి, పెట్టె సర్దింది.

విజయవాడ ప్లాట్‌ఫారం మీద చిన్నబాబు కనిపించాడు. అప్పుడతనికి ఇరవై మూడు. సులోచన అనే అమ్మాయితో పెళ్లి కుదిరింది, తాంబూలాలకని లీవు తీసుకుని వచ్చి, తాంబూలాలకి ఇంకా రెండు రోజులుందనగా వెనక్కి బయలుదేరాడు. చేతిలో స్టీలు క్యాను. "మా అత్తగారివాళ్లకని అమ్మ రొయ్యల పచ్చడి పట్టింది సాబ్. ఇప్పుడు మీరే తినాలి" అన్నాడు. అన్నపూర్ణ గారూ, మీ వియ్యాలవారికి చేరాల్సిన పచ్చడిని పంజాబ్ చేరేలోగా రైల్లో జవాన్లం పదకొండు మందిమి ఖాళీ చేశాం. ఇవాళ సభాముఖంగా ఒప్పుకుంటున్నాను. (నవ్వులు)

పంజాబ్ సరిహద్దులో మాకు అప్పగించిన పని, పొలాల్లో మందుపాతరలు పాతడం. అవతలి సైన్యం వస్తే ఆపడానికి. ఆ పొలాలేమీ బీడు భూములు కావండి. గోధుమ జానెడు ఎదిగి ఉంది. గుర్‌దేవ్ సింగ్ అని అరవై ఏళ్ల రైతు గట్టు మీద నిలబడి, "కోత అయ్యేదాకా ఆగలేరా?" అని అడిగాడు. నేను తల దించుకున్నాను. చిన్నబాబు రైతుబిడ్డ, చేలో అడుగు పెట్టేటప్పుడు మొక్క పక్కకి చూసి వేసేవాడు. "సాబ్, కనీసం గట్ల వారగా పాతుదాం, మధ్యలో వద్దు" అన్నాడు. "ఆ అధికారం నీకూ లేదు, నాకూ లేదు" అన్నాను. నాలుగు రోజుల్లో పని పూర్తిచేశాం. ఏది ఎక్కడ ఉందో కొలత వేసి కాగితం మీద గీసుకున్నాం. గుర్‌దేవ్ సింగ్ కుటుంబం ట్రాక్టరు మీద సామాను వేసుకుని బంధువుల ఊరికి వెళ్లిపోయింది.

ఇక అక్కణ్ణించి ఎదురుచూపులు. ఒక వారం కాదు, నెల కాదు, పది నెలలు. ఢిల్లీలో ఎవరో మైకు ముందు గట్టిగా మాట్లాడితే మా టెంట్లు ముందుకి జరిగేవి. ఏదో దేశం నుంచి ఒక పెద్దమనిషి వచ్చి చర్చలు చేసి వెళ్తే వెనక్కి జరిగేవి. రేడియోలో వార్తలు వింటే ఆ రోజు టెంటు పీకాలో వద్దో మాకు ముందే తెలిసిపోయేది. (నవ్వులు) మీరు నవ్వుతున్నారు, మేమూ నవ్వుకునేవాళ్లం. ఇంకేం చేస్తాం. రెండుసార్లు మాత్రం నిజంగానే బూట్ల తాళ్లు బిగించుకుని కూర్చున్నాం, జనవరిలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి. అలాంటప్పుడు ఇంటికి ఉత్తరం రాసి ఆఫీసులో ఇచ్చేస్తారు, మనం తిరిగి రాకపోతే పంపడానికి. రెండుసార్లూ ఆ ఉత్తరాలు మాకే తిరిగిచ్చేశారు. చిన్నబాబు రెండోసారి తన ఉత్తరం చింపలేదు, టెంట్లో కూర్చుని తప్పులు దిద్దుకున్నాడు. (నవ్వులు)

అక్టోబరులో సైన్యాన్ని వెనక్కి తీసుకుంటున్నామని ప్రకటించారు. యుద్ధం తప్పినందుకు నేను సంతోషించాను, ఇప్పటికీ సంతోషిస్తున్నాను, అందులో నాకు రెండో మాట లేదు. మిగిలినవాళ్లు రైళ్లెక్కారు. మేం ఉండిపోయాం. పాతినవి తీయాలి కదా.

తీయడం పాతినంత తేలిక కాదండి. వానలకి మట్టి జారుతుంది, ఎలుకలు బొరియలు చేస్తాయి, కాగితంలో ఒకచోట ఉంటుంది, నేలలో జానెడు అవతల ఉంటుంది. జనవరిలో ఒక ఉదయం, మంచు విడిచాక, ఏ వరసకి ఎవరు వెళ్లాలో జాబితా నేనే రాశాను. ఒక వరసకి వేరే కుర్రవాడి పేరు రాస్తే, అతనికి జ్వరమన్నారు. ఆ పేరు కొట్టేసి చిన్నబాబు పేరు రాశాను. తొమ్మిదిన్నరకి చప్పుడు వినిపించింది. నేను వెళ్లేసరికి వెల్లకిలా పడి ఆకాశం వంక చూస్తున్నాడు. "సాబ్, నేను గీసిన కాగితమే" అన్నాడు. ఎడమ పాదం లేదు.

ఆసుపత్రిలో పది రోజుల తర్వాత నన్నొక ప్రశ్న అడిగాడు. ఏడుస్తూ కాదు, కోపంగా కాదు, లెక్క తప్పిన పిల్లవాడు మాస్టారిని అడిగినట్టు అడిగాడు. "సాబ్, యుద్ధం జరగలేదు కదా. ఊళ్లో ఎవరైనా ఏ యుద్ధంలో పోయిందని అడిగితే ఏం చెప్పను?" బత్తాయి ఒలిచి చేతిలో పెట్టాను. మా హేమకి కూడా ఈ సంగతి ఇవాళే తెలుస్తోంది.

మే నెలలో ఆ పొలం రైతుకి అప్పగించాం. గుర్‌దేవ్ సింగ్ వచ్చాడు. చెప్పులు విప్పి గట్టు మీద పెట్టి, పొలం ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాడు, మళ్లీ వెనక్కి నడిచాడు. మా పని మీద అంత నమ్మకం నాకే లేదు. నా దగ్గరికొచ్చి, "ఆ కుర్రవాడికి ఎక్కడ దెబ్బ తగిలింది?" అని అడిగాడు. చూపించాను. అక్కడ వంగి మట్టిని తాకి కళ్లకద్దుకున్నాడు. "నా మనవలు రేపటి నుంచి ఇక్కడ పరిగెత్తుతారని అతనికి రాయి" అన్నాడు. అప్పటికి చిన్నబాబు పుణెలో కృత్రిమ కాలుతో నడక నేర్చుకుంటున్నాడు. రాశాను. అతని దగ్గర్నుంచి కార్డు వచ్చింది, "ఊళ్లో అడిగితే చెప్పడానికి ఒక మాట దొరికింది సాబ్" అని.

సులోచన సంగతి కూడా చెప్పాలి. వాళ్లింట్లో పెద్దలు ఈ సంబంధం గురించి వెనకాముందూ ఆడుతుంటే, ఆ పిల్ల ఎవరికీ చెప్పకుండా పుణెకి ఉత్తరం రాసింది. అందులో ఒకటే వాక్యం, "ఆగిపోయిన తాంబూలాలు ఎప్పుడు పెట్టుకుందాం?" అదిగో, చిన్నబాబు పక్కన కూర్చుని తల వంచుకుంది. ఏమ్మా, చెప్పకూడదా? (నవ్వులు, చప్పట్లు)

మొన్న ఎలక్షన్ల ముందు ఒక పార్టీవాళ్లు చిన్నబాబు ఇంటికి వచ్చి, మా వేదిక మీద కూర్చోవాలి, కాలు కనబడేలా కూర్చుంటే బాగుంటుందన్నారట. రెండు రోజులాగి రెండో పార్టీవాళ్లు వచ్చి, ప్రభుత్వం నీ కాలు వృథా చేసిందని మైకులో చెప్పమన్నారట. చిన్నబాబు ఇద్దరికీ మంచినీళ్లిచ్చి, "నా కాలు ఏ పార్టీలోనూ చేరలేదండీ" అని సాగనంపాడు. (చప్పట్లు) కాని అదే కాలు గురించి, కాగితాల్లో దాన్ని ప్రమాదం అనాలా, యుద్ధంలో తగిలిన గాయం అనాలా అన్నది ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి తిరిగి తేలేసరికి పదహారు నెలలు పట్టింది. వేదిక మీదికి పిలిచినవాళ్లలో ఒక్కరూ ఆ కాగితం వెనకాల నడవలేదు.

జయంత్, ఇలా చూడు. గోడకి ఆనుకున్న మీరంతా కూడా వినండి. నేను మిలిటరీని తిట్టడానికి లేవలేదు. మట్టి తవ్వే కాలవ కూలీ కొడుకుని సుబేదార్ని చేసింది అదే. అక్కడ నా పళ్లెంలో రొట్టె తిన్నవాళ్లెవరూ నీ కులమేమిటని అడగలేదు. అయితే ఎప్పుడు వెళ్లాలో, ఎవరి మీదికి వెళ్లాలో, ఎప్పుడు తిరిగి రావాలో నువ్వు నిర్ణయించవు, నీ కల్నలూ నిర్ణయించడు. ఐదేళ్లకొకసారి మనం ఓట్లేసి కూర్చోబెట్టినవాళ్లు నిర్ణయిస్తారు. వాళ్లు ఒక్కోసారి దేశం కోసం నిర్ణయిస్తారు, ఒక్కోసారి రేపటి పేపర్లో వార్త కోసం నిర్ణయిస్తారు. రెండింటికీ వచ్చే ఆర్డరు ఒకేలా ఉంటుంది. ఏది దేనికో నీకు తెలియదు, అడిగే వీలూ లేదు. మైకులో విన్న మాటలకి ఒళ్లు పొంగి వెళ్తానంటే మాత్రం వెళ్లకు, ఆ పొంగు మొదటి ఎండాకాలంలోనే చల్లారిపోతుంది. ఇదంతా తెలిసి, అయినా ఎవరో ఒకరు ఆ పొలం శుభ్రం చేసి రైతుకి అప్పగించాలి కదా అనిపిస్తే, అప్పుడు వెళ్లు. అది మీ అన్న మాటే. ఇవాళ పొద్దున నేను అతన్ని, మళ్లీ ఆ రోజు వస్తే వెళ్తావా అని అడిగాను. "వెళ్తాను సాబ్. కాని పాతమన్నవాళ్లు తీసేటప్పుడు ఒక్కసారి వచ్చి గట్టు మీద నిలబడాలి" అన్నాడు.

అక్కయ్యగారూ, మీరు చెప్పమన్న మాట చెప్పలేకపోయాను. నన్ను క్షమించండి.

(ఇక్కడ అన్నపూర్ణ గారు లేచి నిలబడి, "తమ్ముడూ, రేపు వీడికేమైనా అయితే నేను ఎవరిని అడగాలి? పెద్దవాడప్పుడు ఎవరిని అడగాలో కూడా నాకు తెలియలేదు" అన్నారు.)

న్యాయమైన మాట అడిగారమ్మా. ఇరవై ఎనిమిదేళ్లు యూనిఫారంలో ఉండి, రాజకీయం మీద నోరెత్తకూడని ఉద్యోగం చేశాను. అది మంచి నియమమే, సైన్యం నోరెత్తే దేశాలు ఎలా ఉన్నాయో చూస్తున్నాం. కాని పోయిన నెలాఖరున ఆ యూనిఫారం విప్పేశాను. మీరు అడగాల్సి వస్తే, మీ పక్కన నేను నడుస్తాను. పంచాయతీ ఆఫీసు దగ్గర్నుంచి ఢిల్లీ దాకా, ఏ మెట్టు ఎక్కమంటే ఆ మెట్టు ఎక్కుతాను. ఈ హాల్లో ఉన్నవాళ్లలో ఇంకో పదిమంది కూడా నడుస్తారు. ఓటు అడగడానికి వచ్చినవాళ్లని, మా పిల్లల్ని ఎందుకు పంపారు, ఎందుకు రప్పించారు అని నిలదీసే ఊరు వెనకాల ఉందంటే, ఆర్డరు రాసేవాళ్లు ఇంకొక్క నిమిషం ఆలోచించి రాస్తారు. సైనికుడికి ఊరు చేయగలిగిన సాయం నాకు తెలిసి అదొక్కటే.

(అన్నపూర్ణ గారు "అయితే వాడికి పరుగుకి బూట్లు కావాలి. పాతవి అడుగు ఊడిపోయాయి" అని కూర్చున్నారు.)

విన్నావు కదా జయంత్. వెళ్లి అమ్మ పక్కన కూర్చో.

ప్రభావతి గారికి, ఈ శాలువా కప్పిన పెద్దలకి, నన్ను ఇంతసేపు ఓర్చుకున్న మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. ఇక నా చోటికి నేను వెళ్లి మీలో ఒకడిగా కూర్చుంటాను. సెలవు.