రెండో గీతను నమ్మని రత్నమాణిక్యం గారు

పంతొమ్మిది వందల తొంభై రెండవ సంవత్సరం నవంబరు తొమ్మిదో తేదీన శ్రీమతి భూపతిరాజు రత్నమాణిక్యం గారు రాజమహేంద్రవరంలోని మన మత్స్యరోగ నిర్ధారణ ప్రయోగశాలలో సహాయ పరిశోధకురాలిగా విధుల్లో చేరారు. ఆ తొలిరోజున కుర్చీ చూపిస్తే "నిలబడే చూస్తానండి" అన్నారని, ఆ తరువాత కూడా వారు స్థిమితంగా కూర్చోగా చూసినవారు తక్కువేనని మన పెద్దలు చెబుతారు. నేను ఇక్కడ చేరిన ఈ కొన్నేళ్ళలో ఆ మాట అతిశయోక్తి అని ఒక్కసారి కూడా అనిపించలేదు.

వారు ఉద్యోగంలో కుదురుకుంటున్న రోజుల్లోనే డెల్టాలోని రొయ్యల చెరువులను తెల్లమచ్చల తెగులు చుట్టుముట్టింది. నిన్న మేత తిన్న రొయ్య ఈ ఉదయం గట్టు పక్కన తేలుతుంటే, రైతులు వాటిని బకెట్లలో వేసుకుని మన గుమ్మం ముందు నిలబడేవారట. రోగం పేరు చెప్పగలిగినా, అది వచ్చే ముందు చెప్పలేకపోయిన ఆ అసహాయత తనను నిద్రపోనివ్వలేదని రత్నమాణిక్యం గారు పలు సభల్లో ప్రస్తావించారు. ఆ అశాంతే వారిని హైదరాబాదుకు శిక్షణకు పంపింది. జన్యువులు మార్చిన బ్యాక్టీరియా చేత ప్రోటీన్లు తయారు చేయించే విద్య నేర్చుకుని వచ్చి, మన ప్రయోగశాలలో ఆ విభాగాన్ని వారే ప్రారంభించారు.

ఈ సన్మాన సంచిక చదివే కుటుంబ సభ్యుల కోసం ఆ పనిని రెండు మాటల్లో చెబుతాను. వైరస్ పైపొరలోని ఒక ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువును హానిచేయని బ్యాక్టీరియాలో చేరుస్తాం. ఆ బ్యాక్టీరియా పెరుగుతూ మనకు కావలసిన ప్రోటీన్‌ను తయారు చేస్తుంది. కానీ దానితో పాటు తన సొంత ప్రోటీన్లను కూడా వేలకొద్దీ తయారు చేసుకుంటుంది. కణాలను పగలగొట్టి, ఆ రసాన్ని నికెల్ పూసిన గుళికలున్న గొట్టం గుండా పంపితే, మన ప్రోటీన్ గుళికలను పట్టుకుని ఉంటుంది. మిగిలినవాటిని పదే పదే కడిగి వదిలించుకోవాలి. అలా శుద్ధమైన ప్రోటీన్‌ను కుందేళ్ళకు ఇచ్చి, వాటి రక్తంలో పుట్టిన, ఆ ప్రోటీన్‌ను గుర్తించి పట్టుకునే యాంటీబాడీలను కాగితపు పట్టీల మీద పూస్తాం. రొయ్య మొప్పల రసం వేసినప్పుడు ఒక గీత వస్తే జబ్బు లేదు. రెండు వస్తే ఉంది.

ఈ వ్యాసం రాసే బాధ్యత నాకు అప్పగించినప్పుడు రత్నమాణిక్యం గారు ఒక షరతు పెట్టారు. "పొగడ్తలే రాస్తే నేను సన్మానానికి రానమ్మా. చిట్టియ్య గారి సంగతి రాయి" అన్నారు. అందువల్లనే రాస్తున్నాను.

మూడేళ్ళ క్రితం వేసవిలో పట్టీలకు విపరీతమైన గిరాకీ వచ్చింది. గేటు దగ్గర రైతులు ఎండలో నిలబడి ఉంటే చూస్తూ ఊరుకోలేక, కడిగే విడతలను తగ్గించడానికి రత్నమాణిక్యం గారే అనుమతించారు. ఆ పట్టీలు పంపిణీ అయిన కొద్దిరోజులకు వారి అన్నగారు ఆదినారాయణరాజు గారు ఐసుపెట్టెలో రొయ్యలతో భీమవరం నుంచి వచ్చారు. పట్టీ మీద రెండు గీతలు పడ్డాయి.

"వలలవాళ్ళు గట్టు మీదే ఉన్నారమ్మా. లారీ కూడా వచ్చేసింది. పట్టేయమంటావా?" అన్నారాయన.

"ఇంకా చిన్న రొయ్య కదండీ అన్నయ్యా."

"చిన్నదైతే సగమైనా వస్తుంది. చచ్చిందైతే ఏం వస్తుంది? ఏదో ఒకటి చెప్పు."

రత్నమాణిక్యం గారు ఒక రొయ్యను వెలుతురులో పట్టుకుని చూశారు. దాని పేగు నిండుగా ఉంది. జబ్బు చేసిన రొయ్య మేత మానేస్తుంది.

"చెరువులో ఏం వేశారండీ?"

"ఏముంది, నీటికి రంగు రావాలని పేడ కలిపాం. అందరూ వేసేదేగా."

వారు మరో పట్టీ మీద రొయ్య ఏమీ లేకుండా, రొయ్యలతో పాటు వచ్చిన చెరువు నీటినే వేశారు. రెండు గీతలు పడ్డాయి. ఆ తరువాత మన దగ్గర పెరిగే, వైరస్ జన్యువు చేర్చని మామూలు బ్యాక్టీరియాను వేశారు. మళ్ళీ రెండు గీతలే. మనం సరిగా కడగని ప్రోటీన్‌తో పాటు బ్యాక్టీరియా సొంత ప్రోటీన్లు కూడా కుందేళ్ళలోకి వెళ్ళాయి. ఇప్పుడు ఆ పట్టీ వైరస్‌నే కాదు, పేడలో కొల్లలుగా ఉండే అదే జాతి బ్యాక్టీరియాను కూడా పట్టుకుంటోంది. శుభ్రమైన నీళ్ళతో చూసుకున్నామే కానీ, పేడ వేసిన చెరువు నీటితో పరీక్షించాలని మనలో ఎవరికీ తోచలేదు.

వైరస్ జన్యువును నేరుగా వెతికే పరీక్ష ఫలితం సాయంత్రానికి గానీ రాదు. అప్పటిదాకా అన్నాచెల్లెళ్ళిద్దరూ వరండాలో చెరోవైపు నడుస్తూనే ఉన్నారు. "మన నాన్నగారి పోలికేనమ్మా నీది, నిలబడనూ నిలబడవు, నిలబడనివ్వవు" అని ఆయన విసుక్కున్నారు. ఫలితం వచ్చింది. వైరస్ లేదు. ఆదినారాయణరాజు గారు లారీని వెనక్కి పంపేశారు.

కథ అక్కడ ముగిస్తే అందరికీ బాగుండేది. కానీ రత్నమాణిక్యం గారు ఆ పట్టీలు తీసుకున్న ప్రతి రైతుకూ ఫోను చేయించారు. ఆకివీడు దాటాక ఒక పల్లెలో చిట్టియ్య గారు మాత్రం మన పట్టీని నమ్మి అప్పటికే చెరువు ఖాళీ చేసేశారు. ఆయన ఐసులో దాచిన కొన్ని రొయ్యలను తెప్పించి పరీక్షిస్తే వాటిలోనూ వైరస్ లేదు. ఉత్తరం రాస్తే సరిపోతుందని కార్యాలయంలో కొందరన్నారు. రత్నమాణిక్యం గారు మర్నాడే కారెక్కారు. తోడుగా నేను వెళ్ళాను.

వారు దాపరికం లేకుండా అంతా చెప్పారు. తొందరపడి తానే కడుగుడు తగ్గించమన్నానని కూడా చెప్పారు. చిట్టియ్య గారి భార్య వీరవేణి గారు చేటలో బియ్యం చెరుగుతూ విన్నారు.

"ఇప్పుడొచ్చి చెప్తే ఆ రొయ్యలు లారీలోంచి చెరువులోకి తిరిగి దూకుతాయా అండీ?" అన్నారామె.

రత్నమాణిక్యం గారు తల దించుకున్నారు. చిట్టియ్య గారు మాత్రం వేరే ప్రశ్న అడిగారు.

"మా చెరువుకి జబ్బు నిజంగా రాలేదాండీ?"

"రాలేదండి."

"మరైతే నేను బాగానే చూసుకున్నానన్నమాట." ఆయన భార్య వైపు తిరిగారు. "విన్నావా? నా వల్లే జబ్బొచ్చిందని కాలవ మూసేశారు గదా మనకి."

పక్క చెరువులవారు తమకూ అంటుతుందనే భయంతో ఆయన చెరువుకు నీరు వెళ్ళే తూము మూసేశారని, ఆయనతో మాట్లాడడం కూడా మానేశారని అప్పుడు తెలిసింది. రత్నమాణిక్యం గారు వెంటనే, "ఎవరెవరికి చెప్పాలండి? నాతో వచ్చి చూపించండి" అన్నారు. ఆ ఎండలో గట్ల మీద నడుస్తూ, కనిపించిన ప్రతి రైతునూ ఆపి, ఈయన చెరువుకు జబ్బు రాలేదని, తప్పు మా ప్రయోగశాలదని చెప్పారు. ఒకాయన "అంత చదువుకున్నోళ్ళు కూడా పొరపాటు పడతారా అండీ?" అని ఎగతాళి చేస్తే, "పడ్డామండి. ఆ తూము తీయండి" అన్నారు. మేము తిరిగి వచ్చేసరికి తూము తీసి ఉంది.

నాటి నుంచి మన ప్రోటీన్ ప్రతి విడతతో చేసిన పట్టీలనూ పేడ వేసిన చెరువు నీటితో, జన్యువు చేర్చని బ్యాక్టీరియాతో పరీక్షించిన తరువాతే బయటికి పంపుతున్నాం. ఆ నియమాన్ని ప్రతిపాదించినవారు వారే. వీరవేణి గారు వేసిన ప్రశ్నకు మాత్రం మన దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు. అది వారిని వదిలిపెట్టలేదని నాకు తెలుసు. గేటు దగ్గర ఎందరు నిలబడినా కడుగుతున్న గొట్టం దగ్గర నుంచి వారు కదలకపోవడం ఈ మూడేళ్ళుగా చూస్తూనే ఉన్నాను.

ఈ నెలాఖరున వారు పదవీ విరమణ చేస్తున్నారు. ప్రస్తుత విడత ప్రోటీన్ ఇంకా గొట్టంలోనే ఉంది. అది శుద్ధంగా వచ్చిందో లేదో దానితో పట్టీలు చేసి పరీక్షించాక, అంటే వారు వెళ్ళిన తరువాత గానీ తేలదు. ఆ సంగతి వారికి మనశ్శాంతి ఇవ్వదని, మాకూ ఇవ్వదని ఇక్కడ రాయక తప్పదు.

శ్రీమతి రత్నమాణిక్యం గారికి, వారి భర్త శివరామకృష్ణరాజు గారికి మన ప్రయోగశాల సిబ్బంది అందరి తరఫున హృదయపూర్వక అభినందనలు. ఎండలో ఎంత దూరమైనా గట్ల మీద నడవగల ఆరోగ్యం, ఎదుటివారి ముఖం చూసి నిజం చెప్పగల ఆ ధైర్యం వారికి చిరకాలం నిలవాలని, ఏ ఊరి గట్టున నిలబడినా అక్కడి రైతులు వారిని తమ మనిషిగా పిలిచి కాసేపైనా కూర్చోబెట్టాలని మనసారా కోరుకుంటున్నాను.

— శ్రీసత్య, ప్రోటీన్ విభాగం