కోర్టుకు కావలసిన మొగుడు

ఇలోయిలో ఊరి కోర్టు ఎదురుగా బాచోయ్ సేమ్యా అమ్మే అంగడి. పక్కపక్క బల్లల దగ్గర, వీపూ వీపూ ఆనించి, సియానో, లూడింగ్. ఏడేళ్లుగా వేరుంటున్న మొగుడూ పెళ్లాలు. విడాకులన్నవే లేని దేశం; పెళ్లి చెల్లదని తేల్చమని లూడింగ్ వేసిన కేసు. పావుగంటలో లోపలికి పిలుపు.

“ఇటు తిరక్కు! సర్కారు వకీలు చూశాడంటే ఇద్దరం కూడబలుక్కున్నామని కేసు కొట్టేస్తారు.”

“పెళ్లయ్యాక మొదటిసారి ఇద్దరం ఒక్క మాట మీదున్నాం లూడింగూ. అదీ నేరమేనా?”

“నేరమే. ఇద్దరికీ విడిపోవాలనుంటే సర్కారు విడదియ్యదు. ఒకళ్లకే ఉండాలి, రెండోవాళ్లకి బుర్ర సరిగా లేదని తేలాలి.”

“బిషప్పుగారు నయం. మన పెళ్లి అసలు జరగనే లేదని రెండేళ్లలో కాగితం ఇచ్చేశాడు.”

“ఆ ప్రకారం దేవుడి దగ్గర నేను కన్నెపిల్లని, మున్సిపాలిటీలో నీ పెళ్లాన్ని. నాకోసం కాచుక్కూచున్న బెనీటోని చేసుకుంటే ఫాదర్ దీవిస్తాడు, పోలీసు పట్టుకుపోతాడు.”

“దేవుడే వదిలేసినా సర్కారు వదలదన్నమాట. అబ్బో, ఎంత భక్తి!”

“చాల్లే. పాఠం అప్పజెప్పు. నీకేం జబ్బు?”

“పెళ్లి బాధ్యతంటే ఏంటో తెలియని మనోవైకల్యం. నిన్నట్నుంచీ.”

“చిన్నప్పట్నుంచీ అనాలి! సైకాలజిస్టు అలాగే రాసింది.”

“సరే, చిన్నప్పట్నుంచీ. తాగుతాను, కోడిపందేలకి పోతాను, బకోలోద్ ఊళ్లో ఉంచుకున్న ఆవిడ సంగతి...”

“అవేం చాలవు. తాగుబోతులు మామూలు మొగుళ్లేనట, లాయరమ్మ చెప్పింది. నీకసలు మనసే లేదని తేలాలి. అందుకే పిల్లదాని సంగతి పెట్టాం.”

“అది తీసెయ్ లూడింగూ.”

“అదే కదయ్యా మన కేసు! ‘డెంగీతో కూతురు మూడ్రోజులు కొట్టుమిట్టాడి పోతే నువ్వెక్కడున్నావ్?’ అంటారు. ‘పందేల దగ్గర’ అను. జరిగిందేగా?”

“పందేలకి వెళ్లలేదే.”

“మరి?”

“ఆస్పత్రి ఎదురు చర్చిలో ఉన్నా. మూడ్రోజులూ. ఆస్పత్రి మెట్లెక్కి దాన్ని చూసే ధైర్యం లేకపోయింది.”

“ఏడేళ్లుగా నోటికొచ్చినట్టు తిడుతున్నా కదా, ఒక్క ముక్క చెప్పలేదేం?”

“నీకు తిట్టుకోడానికి ఎవరో ఒకళ్లు ఉండాలిగా. దేవుణ్ణి తిట్టలేవు.”

“అయ్యో...”

“భయపడకు. లోపల పందేలనే చెబుతాలే. అదిగో, పిలుస్తున్నారు.”

“పిలవనీ. ఇప్పుడు బైబిలు మీద చెయ్యేసి, నీకు మనసు లేదని ఎలా చెప్పనయ్యా?”