వైరు తెగిన చోటు

బందరులో రోల్డుగోల్డు నగలు చేసే షెడ్డు. యజమాని ధర్మారావు, మిషన్ బాగుచెయ్యడానికి గుడివాడ నుంచి వచ్చిన శ్యామ్ సుందర్, గుమ్మంలో జ్ఞానమ్మ.

"లోపలికి రావద్దని చెప్పానా లేదా, జ్ఞానమ్మా?"

"రాలేదండి. గుమ్మంలోనే నిలబడ్డాను. ఇంజనీరు గారు వచ్చారని తెలిసి వచ్చానండి."

"వచ్చి ఏం చేస్తావు? ఇంకో వైరు కోస్తావా?"

"నేను కొయ్యలేదండి."

"మీరు కానివ్వండి, శ్యామ్ సుందర్ గారూ. ఈవిడేనండి నేను చెప్పింది. నగల్లో రాళ్లు చేత్తో అతికేది. ఆ పని చెయ్యడానికి మిషన్ వచ్చి పొట్ట కొడుతోందని దాని కెమెరా వైరు కోసేసింది."

"కొయ్యలేదండి బాబుగారూ."

"సార్, ఒక్క నిమిషం. కరెంటు సరిగ్గానే వస్తోంది. కెమెరా కూడా మంచిదే. రాయిని పీల్చి తీసుకునే ఈ ముక్కు ఎడం పక్క ఉంటే స్క్రీను మీద రాయి కనపడుతోందా? ఇప్పుడు కుడి పక్కకి జరుపుతున్నాను."

"నల్లబడిపోయింది."

"మళ్లీ ఎడమకి."

"వచ్చింది. అంటే?"

"అంటే తేడా వైరులో ఉంది. ముక్కుతో పాటు ఇటూ అటూ తిరిగే వైరు ఇది. ఈ మలుపు దగ్గర వంగి వంగి లోపల తీగ విరిగింది. పైన తొడుగు చెక్కుచెదరలేదు. కోస్తే ముందు తొడుగు తెగాలి కదండీ."

"విన్నారా బాబుగారూ? తొడుగు తెగలేదంట. విన్నారా?"

"విన్నాను, ఉండు."

"ఎవరూ కొయ్యలేదమ్మా. దానంతటదే పోయింది."

"మీ కడుపు చల్లగుండ, బాబూ. ఆ మాట మా పాస్టరు గారితో చెప్తారా? చేసిన పాపం ఒప్పుకునే దాకా ప్రభువు బల్ల దగ్గరికి రావద్దన్నారు నన్ను. అందరూ రొట్టె, రసం తీసుకుంటుంటే నేను వెనకాల చెప్పుల దగ్గర కూర్చుంటున్నాను. మా అమ్మాజీ ఇన్నేళ్లు ఇక్కడ నా పక్కనే కూర్చుని రాళ్లు అతికింది. అది కూడా నా మొహం చూడట్లేదు. చచ్చిపోదామనిపిస్తోంది బాబూ."

"అలా అనకమ్మా. చెప్తాను. మేమూ చర్చికెళ్లేవాళ్లమే."

"మీరు మనవాళ్లేనా? శ్యామ్ సుందర్ అంటే పోల్చుకోలేకపోయాను. ఇంక నాకు భయం లేదు. మన పిల్లాడి మాట పాస్టరు గారు కాదనరు."

"ఏడ్చింది చాల్లే, జ్ఞానమ్మా. సెంటర్లో టీ చెప్పి పట్రా ఇంజనీరు గారికి."

"తెస్తానండి. ఇప్పుడే తెస్తాను."

"వెళ్లిందా?"

"వెళ్లిందండి. పాపం."

"పాపం సంగతి తర్వాత. మిషన్ వచ్చి ఏడాది కూడా కాలేదు. వైరు ఎందుకు విరిగిందో చెప్పండి."

"అది... బాగా బిగించి కట్టేశారండి. కాస్త వదులు ఉంచాలి. లేకపోతే తిరిగినప్పుడల్లా ఒకచోటే వంగుతుంది."

"కట్టేశారు అంటే, ఎవరు?"

"మిషన్ ఫిట్ చేసినప్పుడు..."

"ఫిట్ చేసింది మీరే కదా. నేను కుర్చీ వేసుకుని చూశాను."

"నేనేనండి."

"మీ కంపెనీకి తెలిస్తే?"

"తీసేస్తారండి. పామర్రులో కూడా ఒకటి ఇలాగే అయింది. అప్పుడే చెప్పారు, ఇంకోసారైతే ఉద్యోగంలో ఉంచేది లేదని."

"నేనెందుకు చెప్తాను, నాకేం పని? నా సంగతి కూడా వినండి మరి. ఈవిడ వైరు కోసిందన్న వంకతోనే నేను చేతిపని వాళ్లందర్నీ మాన్పించాను. మిషన్ కోసం మాన్పించానంటే గేటు ముందు కూర్చునేవాళ్లు. ఇప్పుడు నన్నెవరూ పల్లెత్తు మాట అనట్లేదు. అందరూ తిట్టేది దాన్ని. వాళ్ల చర్చి సంఘ పెద్ద రాజారత్నాన్ని పిలిచి చెవిలో వేశాను. మిగతాది వాళ్లే చూసుకున్నారు."

"అంటే కొయ్యలేదని మీకు ముందే తెలుసా?"

"వైరు మీద గాటు లేదని చూడ్డానికి ఇంజనీరే అక్కర్లేదు. నాకూ కళ్లున్నాయి."

"మరి ఆవిడ..."

"ఆవిడ ఎలాగూ ఏడుస్తూనే ఉంది. ఇంకొన్నాళ్లు ఏడుస్తుంది. మీకు పిల్లలా?"

"ఒక పాపండి. మొన్ననే స్కూల్లో వేశాం."

"ఆలోచించుకోండి."

"టీ తెచ్చానండి. వేడిగా ఉంది, చూసి బాబూ. మీకూ తెచ్చానండి బాబుగారూ. ఇంకేమన్నా పనుందా బాబూ?"

"ఏం లేదమ్మా. వైరు మార్చాలి."

"మారిస్తే ఆ పాతది నాకిస్తారా? పాస్టరు గారికి చూపిస్తాను. తొడుగు చూస్తే ఆయనకే తెలుస్తుంది."

"నీకెందుకు శ్రమ? నేనే పంపిస్తాను ఆయనకి. ఏమంటారు, శ్యామ్ సుందర్ గారూ?"

"పంపించండి సార్."

"దేవుడు మీ ఇద్దర్నీ దీవించాలి. మిమ్మల్ని కూడా మనసులో ఎన్నో అనుకున్నాను బాబుగారూ, క్షమించండి. బాబూ, నేనేమన్నా సాయం పట్టనా?"

"ఈ వైరు కదలకుండా రెండు చేతులా పట్టుకోమ్మా. అలా కాదు, మలుపుకి అటూ ఇటూ. కట్టరుతో సరిగ్గా అక్కడే కొయ్యాలి."