మొగ్గ మీదున్న మొక్క

దించు! ముందా కుండీ దించు త్రినాథరావూ! ప్రొడక్షన్ మేనేజరువైతే మాత్రం, ఫిల్మ్ నగర్‌లో కంటికి కనబడ్డ ప్రతి వస్తువూ మీ కంపెనీదేనా?

పోయినేడు ఏమన్నావు? "లీలాకుమారి గారూ, ఇంట్లో జెముడు మొక్కేంటండీ, అరిష్టం" అన్నావా లేదా? ముళ్ళేవయ్యా దీనికి, చూపించు! ఇవాళేమో పిక్చర్ హిట్టయింది, డైరెక్టరు గారికి సెంటిమెంటు పట్టుకుంది, కొత్త పిక్చర్ ముహూర్తం షాటులో ఇదే ఉండాలీ? ఔరా!

ఏంటీ, క్రిస్మస్ కాక్టసా? నీ మొహం. ఆకు అంచు చూడు, పీత గోళ్ళలా కొక్కేలున్నాయా? నొక్కులు గుండ్రంగా ఉంటే అది క్రిస్మస్‌ది. నాకు కొమ్మ ఇచ్చిన శ్రీనగర్ కాలనీ మంజులతా నీలాగే పొరబడింది. ఇది కార్తీకంలోనే పూసేస్తుంది, రాణీ రంగు పూలు. మీరు పూయనిస్తేగా!

దసరా వెళ్ళినప్పట్నుంచీ పొద్దుగూకాక ఈ గదిలో లైటు వేసెరగను. టీవీ కూడా మానేశాను. రాత్రంతా చీకట్లో ఉంటేనే మొగ్గేస్తుంది మహాతల్లి. మొగ్గేశాక చోటు మార్చామా, జలజలా రాల్చేస్తుంది.

పోయినేడు జరిగిందదేగా! నా హాల్లోనే షూటింగు పెట్టి, దీన్ని కిటికీ దగ్గర్నుంచి సోఫా పక్కకి లాగారు. మర్నాటికి ఒక్క మొగ్గ మిగిలితే ఒట్టు. మొక్క బోసిగా ఉందని మీవాళ్ళు ప్లాస్టిక్ పూలు కట్టారు. నేను నోరెత్తానా? ఎందుకెత్తుతాను, హీరో తల్లి వేషం ఇస్తామన్నారుగా!

ఇచ్చారు పాపం. ఎడిటింగులో కోసేశారు.

ఆ సంగతి నాకొక్కరు చెప్పారా? ఊరందరికీ టాంటాం వేసుకుని, పట్టుచీర కట్టుకుని థియేటరుకెళ్ళానయ్యా. చూస్తే ఏముంది, నేను లేను. కుండీ ఉంది! హీరోయిన్ ఏడ్చినప్పుడల్లా పక్కన ప్లాస్టిక్ పూలేసుకుని ఇదే నిలబడింది.

పోనీ, ఈ పిక్చర్లో నాకేమన్నా...?

నేల చూపులు చూస్తావేంటి? సరేలే, తెలిసింది.

నవ్వకు. కుండీలో మొక్కని చూసి కుళ్ళుకుంటున్నాను త్రినాథరావూ, సిగ్గు విడిచి చెప్తున్నా. దీనికప్పుడే రెండో పిక్చరు కూడా వచ్చేసింది.

తీసుకుపో. రాలితే రాలనీ, మీ దగ్గర ప్లాస్టిక్‌వి ఉన్నాయిగా.

ఆగాగు. షాటులో దీన్ని ఎవరో ఒకరు లోపలికి మోసుకురావాలిగా? ఆ పనిమనిషి వేషం ఇంకా ఎవరికీ చెప్పలేదు కదా? డైలాగు లేకపోయినా ఫరవాలేదు.