బాబాయి చూడని కారు

కార్ల పత్రికలో ఏళ్ళ తరబడి రాస్తున్న బాబాయి ఇల్లు. అదే పత్రికలో ఈమధ్యే చేరిన అన్న కూతురు, కొత్త కారును లోకానికి చూపించిన సభ నుంచి నేరుగా ఇక్కడికే వచ్చింది.

"చెప్పులు తర్వాత విప్పుదువుగానీ, ముందు కారు ఎలా ఉందో చెప్పు."

"బాగుంది బాబాయ్."

"బాగుందేమిటే, కాఫీ తాగొచ్చినట్టు! బ్రిటిష్ వాళ్ళు ఇన్నేళ్ళకి మళ్ళీ టాపు తెరిచే స్పోర్ట్స్ కారు తెస్తే, బాగుందట! మీదున్న గుడ్డ లాగెయ్యగానే ఏమనిపించింది? అది చెప్పు."

"నువ్వు ఉండాల్సిందనిపించింది."

"నా సంగతి కాదే, కారు సంగతి."

"పొట్టిగా, నేలకి అతుక్కున్నట్టుంది. ముందు బొనెట్ బాగా పొడుగు. దూకబోయే ముందు పిల్లి ఒళ్ళు ముడుచుకుంటుంది చూడు, అలా."

"అద్దీ! ఆ మాట రాసుకో, మర్చిపోతావు. రంగు?"

"ముదురాకుపచ్చ. ఇదిగో, ఫోన్లో చూడు."

"ఊఁ... ఆకుపచ్చ బాగా కుదిరింది."

"అది... బయట నిలబడ్డ జనం బాబాయ్. కారు తర్వాతి ఫొటోలో ఉంది."

"ఆఁ, అదే, అదే. ఫోన్లలో ఏం తెలిసి ఏడుస్తుంది! నువ్వు నోటితో చెప్పు. టాపో?"

"నల్ల గుడ్డ. మీట నొక్కితే మడతపడి సీట్ల వెనక్కి పోతుంది."

"ఇంజను చప్పుడు?"

"చప్పుడు లేదు."

"అంటే? స్టార్ట్ చెయ్యలేదా?"

"చేశారు. కరెంటు కారు బాబాయ్."

"ఓరి వీళ్ళ ఇల్లు బంగారం కాను! టాపు తీసేది ఇంజను పాట వినడానికి కాదుటే? మా వంటింట్లో మిక్సీ నయం, నాలుగు మాటలు మాట్లాడుతుంది. సర్లే, తోలనిచ్చారా?"

"ఒక్క చుట్టు."

"ఒక్క చుట్టా! మరి ఆ మొహం ఏమిటి, ఎవరో పోయినట్టు?"

"సభలో నేను కూర్చుంది నీ కుర్చీలో బాబాయ్. నీ పేరు చీటీ అంటించి ఉంది. దాన్ని కొట్టేసి పక్కన నా పేరు రాశారు."

"అదంతా ఆ ఎడిటర్ పని. 'మీరు కాస్త విశ్రాంతి తీసుకోండి సార్' అంటాడు నాతో! నిన్నేమీ అననులే, పంపితే వెళ్ళావు. వాడి చెవిలో ఎవడో ఊదాడు. వాడెవడో తెలియాలి గానీ..."

"నేనే."

"ఏంటి నేనే?"

"ఊదింది నేనే బాబాయ్. నీకు చూపు ఆనట్లేదనీ, ఇక బళ్ళు తోలే పని ఇవ్వొద్దనీ చెప్పాను. సభ కూడా మానిపించమని మాత్రం అనలేదు. ఒట్టు."

"నువ్వా!"

"నేనే బాబాయ్. పోనీ, తిట్టు."

"నిన్ను ఆ ఆఫీసుకి తీసుకెళ్ళింది నేను."

"అవును."

"క్లచ్చి ఎలా తొక్కాలో నేర్పింది నేను."

"అవును బాబాయ్."

"నాతో ఒక్క ముక్క చెప్పలేకపోయావా?"

"చెప్పాను. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, అద్దాలు మురికిపట్టాయి అంతే అన్నావు."

"పట్టాయి మరి."

"వంతెన మీద ఆ రోజు నువ్వు తోలుతుంటే నేను అరిచాను, గుర్తుందా? వాన పడుతోంది."

"కుక్క అడ్డొచ్చిందన్నావు."

"అన్నాను. నిన్ను బాధపెట్టడం ఇష్టంలేక అలా అన్నాను."

"మరి?"

"కుక్క కాదు బాబాయ్. చంటిదాన్ని చంకనేసుకుని దాటుతున్న ఆడమనిషి. పక్కకి దూకింది కాబట్టి సరిపోయింది. కళ్ళు మూసుకుంటే ఆవిడే. నీకు అబద్ధం చెప్పానే అని ఒక బాధ, ఎడిటర్‌కి నిజం చెప్పానే అని ఇంకో బాధ. ఇవాళ ఆ కారెక్కి సంతోషపడ్డానే అని మరో బాధ."

"మీ పిన్ని వంటింట్లో ఉందా?"

"లేదు, మేడ మీద బట్టలు తీస్తోంది."

"అయితే ఆ మేకుకున్న నా కారు తాళాలు తీసి నీ సంచిలో వేసుకో. మళ్ళీ అడిగినా ఇవ్వకు."

"బాబాయ్..."

"ఏ కుక్కైనా 'కళ్ళు కనబడట్లేదా' అని అరుస్తుందిటే? నాకు ఆ రోజే తెలుసు. తెలిసీ, నిన్న మీ పిన్నిని పక్కన కూర్చోబెట్టుకుని అదే వంతెన మీద తోలుకొచ్చాను."