స్టేబుల్

నర్సీపట్నం ఆసుపత్రిలో, భార్య మరణపత్రం చేతపట్టుకున్న మాస్టారి పక్కన కొయ్యూరు కొండల నుంచి వచ్చిన ఒకామె కూర్చుంది.

“మా ఆయన స్టేబుల్‌గా ఉన్నాడన్నారు డాట్రుగారు. అంటే ఏటండి మాస్టారూ?”

“ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడని, అమ్మా.”

“తగ్గినట్టే గదండి? అందుకే కొడుకుని జీడిపిక్కలు ఏరుకోమని ఊరికి పంపీసినాను.”



“పెరగలేదమ్మా, అంతే. తగ్గిందని కాదు. అబ్బాయిని రమ్మను.”

“పిక్కలు రాలిపోతన్నాయండి. రెండ్రోజులాగి వత్తాడు.”

“మా ఆవిడ గురించీ ఈ మాటే చెప్పారు. విని, పరీక్ష పేపర్లు దిద్దడానికి బడికి వెళ్లిపోయాను.”

ఆమె ఆయన చేతిలోని కాగితం వంక చూసింది. మెల్లగా ఫోను తీసింది.

“ఆడికేటి సెప్పాలండి?”

“స్టేబుల్ అన్న మాట మాత్రం చెప్పకమ్మా. బేగి రమ్మను.”